ఇనుప సూది

ఆళ్లగడ్డ,
11 ఫిబ్రవరి 1979.

యేసుదాసుకు నరసింహులు రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాము. శనగ కోత అయిపోయింది. నీ ఉత్తరం అందింది. చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. ఆసుపత్రిలో కాంపౌండరుగా మందు చీటీలు రాసి రాసి నీ చేతిరాత చీమలు పాకినట్టు తయారైంది. నేను చదివింది రెండో తరగతి అని నీకు తెలుసు. పెద్ద అక్షరాలు రాయి.

ఉత్తరమంతా నీ కొత్త పాటల మిషను గొప్పే ఉంది. కరెంటుతో తిరుగుతుందట, కీ ఇచ్చే పని లేదట, గొంతు గాజు మీద నీళ్లు జారినట్టు వస్తుందట. నంద్యాలకు పోయి ఏడేండ్లయింది, నీకు పట్నం గాలి బాగా తగిలింది. నేను కూడా తెచ్చినాను కరెంటు మిషను. మొన్న కర్నూలు పోయినప్పుడు తెచ్చినాను. నీదానికంటే పెద్దది. కాబట్టి ఆ గొప్పలు నా దగ్గర వద్దు.

మన పోటీ మరిచిపోయినావా. ఆదివారం వస్తే చాలు, నేను కీ ఇచ్చే పాటల పెట్టె మోసుకొని మీ ఇంటికి వచ్చేది. మీ వసారాలో నీ పాటల ప్లేట్లు ఒక పక్క, నా నాటకం సెట్టు ఒక పక్క. నువ్వు ఒకటి పెడితే నేను ఒకటి పెట్టేది. లోపల వంట చేసుకుంటూ జీవమ్మ విని తీర్పు చెప్పేది. "ఈ తూరి అన్నదే గెలిచె" అని వంటింట్లో నుంచే అరిచేది. వీధి చివరి దాకా వినిపించేది ఆ గొంతు. కట్టుకున్నవాడివని నీ వైపు ఒక్కనాడు కూడా మొగ్గలేదు. మీ ఇంట్లో కాఫీ తాగుతానని మావాళ్లు నన్ను ఎన్నో మాటలన్నారు. నేను ఖాతరు చేయలేదు. కాఫీ బాగుండేది, తీర్పు సరిగ్గా ఉండేది. ఇంకేం కావాలి.

రూలు కూడా గుర్తు చేస్తున్నాను. నాటకంలో పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు కదా. ఎదుటివాడి ప్లేటు విని ఎవడి నోట్లో నుంచి ఆ మాట వస్తుందో వాడు ఓడినట్టు. నా సెట్టుకు నువ్వు ఎన్నోసార్లు అన్నావు. నీ ప్లేటుకు నేను ఒక్కసారి కూడా అనలేదు. చచ్చేదాకా అనను.

మా నాయన బళ్లారిలో కొన్న సెట్టు నాది. ఆరు ప్లేట్లు, తోలు అట్ట పుస్తకంలో పేజీకొకటి. నీ దగ్గర దానికి సరితూగేది ఏదన్నా ఉంటే పంపు. మొత్తానికి మొత్తం పెట్టి చూస్తా. లేకపోతే ఓడినానని ఒక కార్డు రాయి.

జీవమ్మ నీ ఉత్తరం కింద నాకని ఒక మాట రాయించేది. ఈసారి లేదు. నా మీద అలిగిందా.

నరసింహులు

*

నంద్యాల,
4 మార్చి 1979.

బావా,

జీవమ్మ నిన్ను అన్నా అని పిలిచినందుకు నువ్వు నాకు బావవయ్యావు. అందుకే ఇన్ని మాటలు పడుతున్నాను. లేకపోతే నీ ఉత్తరానికి జవాబు రాసేవాణ్ణే కాదు.

కరెంటు మిషను తెచ్చుకున్నావని చదివి సంతోషించాను. నీ మొండితనానికి నువ్వు ఆ చేతి పెట్టెతోనే సమాధికి పోతావనుకున్నాను. నువ్వు మారావంటే లోకంలో ఇంక ఎవరైనా మారవచ్చు.

నీ పోటీకి నేను సిద్ధం. ఈ ఉత్తరంతో పాటు ఒక లాంగ్ ప్లే పంపుతున్నాను. పోస్టులో వేస్తే విరుగుతుందని ఆళ్లగడ్డ బస్సు నడిపే ఆదినారాయణ చేతికి ఇస్తున్నాను. మూడేళ్ల కిందట మా చర్చి పాటల బృందం మద్రాసు పోయి పాడిన ప్లేటు ఇది. అచ్చు వేసినవి కొన్నే. చుట్టుపక్కల సంఘాలకు పంచగా మా ఇంటికి దక్కింది ఇదొక్కటే. జాగ్రత్త. నీ దగ్గర కరెంటు మిషను ఉందన్నావు కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మొదటి వైపు మూడో పాట నిదానంగా విను. ఒక ఆవిడ ఒంటరిగా పాడుతుంది. పక్కన హార్మోనియం తప్ప ఏమీ ఉండదు. ఎవరు పాడారో ఇప్పుడు చెప్పను. చెబితే నీకు మొహమాటం వస్తుంది. నీకు మొహమాటం లేదంటావు కానీ, ఉంది.

జీవమ్మ నా ఎదురుగానే కూర్చుంది. నీ ఉత్తరాలు నేను గట్టిగా చదువుతుంటే వింటుంది, అది మా ఇంట్లో అలవాటు. ఒంట్లో కాస్త నలతగా ఉంది, అందుకే మాట రాయించలేదు. అలిగిందేమీ లేదు. ప్లేటు పంపమన్నది తనే. నీ తీర్పు కోసం నాకంటే ఎక్కువగా చూస్తున్నది కూడా తనే.

యేసుదాసు

*

ఆళ్లగడ్డ,
25 మార్చి 1979.

యేసుదాసూ,

ప్లేటు చేరింది. ఆదినారాయణ దుప్పట్లో చుట్టి పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చినాడు. తీర్పు చెప్తున్నాను, కూర్చొని చదువు. జీవమ్మకు గట్టిగా చదివి వినిపించు.

నేను ఒక్కడినే వింటే పక్షపాతమంటావు. అందుకని సంజీవయ్య కాఫీ హోటలుకు తీసుకుపోయినాను. సంత రోజు. బెంచీలన్నీ నిండి జనం గోడకానుకొని నిలబడినారు. ముందు నా సెట్టులో ఒకటి పెట్టినాను. రాజు పద్యం ఎత్తుకునేసరికి వీధిలో పోయే బండ్లు నిలబడినాయి. తరువాత నీది పెట్టినాను.

ఏమయ్యా, అది పాటనా? పిచ్చుకల గూట్లో పిల్లి దూరినట్టు కిచకిచ. మీ చర్చి వాళ్లందరికీ బస్సు టైమైందా, అంత తొందరగా పాడినారు. ఒక్క మాట తెలిస్తే ఒట్టు. నువ్వు నిదానంగా వినమన్న మూడో పాట కూడా విన్నాను. గొంతు పిసికితే కోడిపెట్ట అరిచినట్టు ఉంది. సంజీవయ్య అయితే, "ఆ యమ్మకు ఎవురన్నా రొన్ని నీళ్లు ఇయ్యండప్పా" అన్నాడు. హోటలంతా పొట్ట పట్టుకొని నవ్వింది. సంతకొచ్చినవాళ్లు మళ్లీ పెట్టమంటే మళ్లీ పెట్టినాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మూడో పాటే పెట్టి వినిపించినాను. నవ్వడానికి వన్స్‌మోర్ అన్నారు. అది లెక్కలోకి రాదు.

ఒకటి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ పాట మధ్యలో ఒకసారి కరెంటు తగ్గినట్టుంది, ప్లేటు నెమ్మదించింది. అప్పుడు నాలుగు మాటలు మనిషి గొంతులాగా వినిపించినాయి. ఎక్కడో విన్న గొంతే అనిపించింది. అంతలో కరెంటు వచ్చింది, మళ్లీ కోడిపెట్టే.

ప్లేటు మధ్యలో అంతా ఇంగ్లీషు రాత. ముప్పై మూడు అనే అంకె ఒక్కటి నాకు తెలిసింది. దాని వెల ముప్పై మూడు రూపాయలా? ఆ డబ్బుతో మేకపిల్లను కొనింటే ఇంతకంటే బాగా అరుస్తుండె.

నా సెట్టు గెలిచింది. జీవమ్మను అడుగు. ఆమె న్యాయం తప్పదు. ప్లేటు ఆదినారాయణ చేత తిరిగి పంపుతున్నాను.

నరసింహులు

*

ఆళ్లగడ్డ,
20 మే 1979.

యేసుదాసూ,

కార్డు కూడా రాయకపోతివి. ఓడినంత మాత్రాన మూగబోవాల్సిన పని లేదు. సంజీవయ్య రోజూ అడుగుతున్నాడు, మీ నంద్యాలాయన ఇంకో ప్లేటు పంపలేదా అని. ఎండలు మండుతున్నాయి, నవ్వుకోవడానికి ఏమీ లేదు. జీవమ్మ తీర్పు రాసి పంపు.

నరసింహులు

*

నంద్యాల,
17 జూన్ 1979.

నరసింహులు గారికి,

మీరు అడిగినట్టు పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

ఆ మూడో పాట పాడింది జీవమ్మ.

మీరు నవ్వుతారేమోనని మద్రాసు పోయి పాడిన సంగతి అప్పట్లో మీకు చెప్పనివ్వలేదు. పోయిన అక్టోబరులో తనకు గొంతులో గడ్డకు ఆపరేషను జరిగింది. గొంతు తిరిగి రాకపోవచ్చునని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే ఊపిరి వస్తుంది. పక్కన కూర్చుని చెవి పెడితే మాట తెలుస్తుంది. పాట అనేది ఇక లేదు. ఆ ప్లేటులోనే ఉండేది.

మీకు ఇదంతా చెప్పవద్దన్నది తనే. "అన్న లెక్కలో నా గొంతు ఎట్లుండెనో అట్లే ఉండనీ" అంది. మీరు పోటీకి పిలిచినప్పుడు ఆ ప్లేటు పంపమంది. నేను వెనకాడాను. "అన్న మొగమాటానికి చెప్పడు. బాగుందంటే బాగున్నట్టే" అంది. ఆ రెండు మాటలు అనడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించమన్నారు. మొదలుపెట్టాను. కోడిపెట్ట దగ్గర ఆగిపోయాను. కానివ్వమని చేత్తో సైగ చేసింది. మేకపిల్ల దాకా చదివాను. అయ్యాక లేచి వంటింట్లోకి పోయింది. అక్కడ పని ఏమీ లేదు, అప్పటికే గిన్నెలు కడిగేసి ఉన్నాయి.

తరువాత ప్లేటు పెట్టి చూశాను. మిగిలిన పాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. మూడో పాట ఉన్న చోట గరగర తప్ప ఏమీ లేదు. రేడియోలు బాగు చేసే మనిషికి చూపించాను. ఇనుప సూదితో దున్నేశారన్నాడు. కరెంటు మిషనుకు ఇనుప సూది ఉండదని కూడా చెప్పాడు. ప్లేటు మీద ముప్పై మూడు అన్నది వెల కాదు. నిమిషానికి అన్ని చుట్లు తిరగాలని. చేతి పెట్టె అంతకు రెట్టింపు పైన తిరుగుతుంది.

మీ ఇంట్లో ఏ మిషను ఉందో నేను అడగడం లేదు. కొన్నాళ్లు ఉత్తరాలు రాయకండి.

యేసుదాసు

*

ఆళ్లగడ్డ,
24 జూన్ 1979.

జీవమ్మకూ యేసుదాసుకూ,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటి రాస్తాను.

నా ఇంట్లో కరెంటు మిషను లేదు. ఎప్పుడూ లేదు. నా ఇంట్లో కరెంటే సరిగ్గా లేదు. నువ్వు కొన్నావని చదివినప్పుడు కడుపులో మంట లేసింది. నీకంటే తక్కువ అనిపించుకోకూడదని అబద్ధం రాసినాను. నువ్వు పంపిన ప్లేటు మా నాయన పెట్టె మీదనే పెట్టినాను. అదే సూది. మార్చి చాలా రోజులైన సూది.

అబద్ధం రాసినవాడిని కాబట్టి నిన్ను అడగలేకపోయినాను. పాట అంత వేగంగా ఎందుకు పోతోందో ఒక ముక్క అడిగివుంటే అయిపోయేది. అడిగితే మిషను లేదని తెలిసిపోతుంది. అందుకని పాటనే తప్పు పట్టినాను.

కరెంటు తగ్గిందని రాసినాను. అదీ అబద్ధం. పెట్టెకు కీ అయిపోయింది. అయిపోతూ పోతూ ప్లేటు నెమ్మదించింది. అప్పుడు వినపడింది నా చెల్లెలి గొంతు. వంటింట్లో నుంచి ఇన్నేండ్లు నాకు తీర్పు చెప్పిన గొంతు. ఎక్కడో విన్నాను అనుకున్నాను, అంతే. యాడ విన్నానో ఆలోచించలేదు. జనం నవ్వు ఆగిపోతుందని గబగబా కీ తిప్పినాను. నాలుగు మాటలు నాతో మాట్లాడనిచ్చి ఆమె నోరు నేనే మూసినాను.

నవ్విన చోటే చెప్పాలని సంజీవయ్య హోటలుకు పోయినాను. కాఫీ తాగి వచ్చినాను. తెల్లారి మళ్లీ పోయి కాఫీ తాగి వచ్చినాను. ఆ తరువాతి రోజు కాఫీ ఇవ్వకముందే నిలబడి చెప్పినాను. సంజీవయ్య చేతిలో గ్లాసు కింద పెట్టి, "నీళ్లు ఇయ్యమంటి కదన్నా నేను" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన అన్నది నావల్లనే కదా. ఆ హోటలుకు పోవడం మానేసినాను.

తప్పు అని రాయడం నాకు వచ్చు. తప్పు. దాని తరువాత రాయాల్సిన మాట ఒకటుంది. ఆ మాటలో మొదటి అక్షరం నాకు రాయరాదు. ఎవరినన్నా అడిగితే ఎందుకని అడుగుతారు.

నా సెట్టు ఆదినారాయణ చేత పంపుతున్నాను. ఆరు ప్లేట్లూ ఉన్నాయి. పగలగొట్టండి. జీవమ్మ చేత్తోనే పగలగొట్టించు.

నరసింహులు

*

నంద్యాల,
8 జూలై 1979.

నరసింహులు గారికి,

మీ ప్లేట్లు వచ్చిన బస్సులోనే తిరిగి పంపుతున్నాను. పగలగొట్టే చేతులు మా ఇంట్లో లేవు. ఒకరి పాట పోయిందని ఇంకొకరి పాట తీసేస్తే లెక్క సరిపోదు.

జీవమ్మ సర్దుకుంది. అన్న తిట్టింది తనను కాదని, ఎవరో కోడిపెట్టనని అంటోంది. నేను సర్దుకోలేకపోతున్నాను. పాడైన ప్లేటు తను ఒకసారి పెట్టించుకుంది. గరగర వస్తున్నంతసేపు పెదవులు కదిపింది. అది చూశాక నాకు మీ మీద కోపం కూడా రాలేదు. ఏమీ రాలేదు.

చర్చిలో అడిగాను. ఒక్క ప్లేటూ మిగలలేదు. ప్యాపిలికి, నందికొట్కూరుకు, బేతంచెర్లకు కొన్ని పంపారట. ఎవరిళ్లకు చేరాయో ఎవరికీ తెలియదు. తనను వదిలి నేను తిరగలేను. వెతకమని మిమ్మల్ని అడగడం లేదు. ఉన్న సంగతి రాస్తున్నాను.

యేసుదాసు

*

ఆళ్లగడ్డ,
18 నవంబరు 1979.

జీవమ్మకూ యేసుదాసుకూ,

వేరుశనగ పీకేదాకా కదలలేకపోయినాను. తరువాత తిరిగినాను.

నందికొట్కూరులో ప్లేటు ఉన్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోయినారు. ఎక్కడికి పోయినారో పక్కింటివాళ్లకు కూడా తెలియదు. ప్యాపిలిలో ఒకటి దొరికింది. కిటికీ దగ్గర పెట్టినారంట, ఎండకు అప్పడంలాగా వంకర తిరిగింది. పోయిన ప్రతి ఇంట్లో ఎందుకు కావాలని అడిగినారు. ప్రతి ఇంట్లో చెప్పినాను. పోటీ నుంచి మొదలుపెట్టి మేకపిల్ల దాకా చెప్పినాను. కొందరు కూర్చోమన్నారు. ఒకాయన తలుపేసుకున్నాడు. ఆయనను నేను ఏమీ అనలేదు. ఇంతకు ముందటి నరసింహులైతే తలుపు తన్నేవాడు.

బేతంచెర్లకు రైలెక్కాలంటే నంద్యాలలో దిగాలి కదా. దిగినాను. మీ వీధి వైపు తల తిప్పకుండా స్టేషనుకు పోయినాను. తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే కృపావరం ఇంట్లో దొరికింది. వాళ్లమ్మ లూదియమ్మ నాకంటే పెద్దది. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆ ప్లేటు వినందే అన్నం తినదు. మంచి ప్లేటు, ఒక్క గీత లేదు. ఏమి అడిగినా ఇస్తానన్నాను. నా మాట అంతా విని ఆమె, "ఒకటి యెట్ల పాడు చేసినావో నువ్వే చెప్తివి. ఇంకోటి నీ చేతికి యెట్ల ఇస్తానప్పా?" అన్నది. వాకిట్లో కూర్చున్నాను. పొద్దు పోయేదాకా కూర్చుంటే కృపావరం లోపలికి పిలిచి అన్నం పెట్టించినాడు.

ఆయన తమ్ముడు కువైటు నుంచి టేప్ రికార్డరు తెచ్చినాడు. ప్లేటు పాడుతుంటే దాని ముందు పెడితే క్యాసెట్టులోకి ఎక్కుతుందన్నారు. ఆ పని సులభం అనుకున్నాను. వాళ్ల ఇంటి చుట్టూ రాళ్ల మిషన్లే. కరెంటు ఉంటే రాళ్ల మిషన్లు తిరుగుతాయి. కరెంటు పోతే పాటల మిషను ఆగుతుంది. ఆదివారం రాళ్ల పని ఉండదు, కానీ ఆ ఆదివారం కరెంటే రాలేదు. ఇంకో వారం ఉన్నాను, ఆ ఆదివారం కూడా అంతే. ఊరికే కూర్చోకుండా కృపావరం దగ్గర రాళ్లు మోసినాను. ఆయన వద్దన్నాడు. వినలేదు.

చివరికి కృపావరం పోయి మిషన్ల వాళ్లను బతిమాలి అరగంట ఆపించినాడు. ఒకాయన మాత్రం ఆపలేదు. ఆ మిషను చప్పుడు క్యాసెట్టులో ఉంటుంది. లూదియమ్మ దగ్గు కూడా ఉంటుంది. వాటికి నన్ను తిట్టవద్దు.

నేను విన్నాను. ముందు హార్మోనియం. తరువాత ఆమె. తొందర ఏమీ లేదు. ఒక మాట కింద పెట్టి, అది కుదురుకున్నాక ఇంకో మాట పెట్టింది. మీ వసారాలో కాఫీ గ్లాసు నా ముందర పెట్టినట్టే, చప్పుడు కాకుండా. పాటలో ఏముందో నేను చెప్పలేను, అది మీ దేవునితో మీ మాట. నేల మీద కూర్చొని, తల ఎత్తకుండా, నోరు మూసుకొని విన్నాను. అంతే జరిగింది.

తీర్పు చెప్పను. ఆ పెత్తనం నాకు లేదు. క్యాసెట్టు ఆదినారాయణ చేత పంపుతున్నాను.

నరసింహులు

*

నంద్యాల,
9 డిసెంబరు 1979.

అన్నా,

రాత ఈయనది, మాట నాది. చెప్పింది చెప్పినట్టే రాయల్లని చెప్పినా. ఊపిరి పట్టుకొని చెప్తాండా, అందుకే కొంచెం కొంచెం.

నీ క్యాసెట్టు వచ్చె. పక్కింటి సుబ్బలక్ష్మి టేప్ రికార్డరు ఇచ్చింది. ముందు రాళ్ల మిషను ర్రుమ్మనె. తర్వాత ముసలామె దగ్గె. తర్వాత నేను వస్తి. ఎవరో పరాయి ఆమె పాడినట్టు ఉండె. బాగానే పాడింది ఆ యమ్మ.

పాట అయిపోయినంక కూడా టేపు ఆగలేదు. ఒక మనిషి ఇల్లు ఎగిరిపోయేట్టు వన్స్‌మోర్ అని అరిచినాడు. ఈయన ఉలిక్కిపడి చేతిలో కాఫీ ఒలకబోసుకునె. టేపులోనే లూదియమ్మ అంటాది, "ఎవురప్పా ఆ అరిచేది? ఇది దేవుని పాట, నాటకం కాదు." ఆ మనిషి అంటాడు, "దేవుని పాటైతే యేమమ్మా, పాడింది మా చెల్లెలు." అంతే, టక్కుమని ఆగిపాయె.

నోరు మూసుకొని విన్నానని రాస్తివి.

ఈయన నవ్వినాడన్నా. నా ఆపరేషను అయినప్పటి నుంచి ఈయన నవ్వింది నేను చూడలేదు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టినాడు. మళ్లీ నవ్వినాడు. పాట కోసం కాదు, నీ అరుపు కోసం తిప్పినాడు.

ఒకటి చెప్తా. ఆ కోడిపెట్ట మాట నాకు ఇంకా గుచ్చుకుంటాది. వంట చేసేటప్పుడు గుర్తుకొస్తాది. లేదని చెప్పి నిన్ను సంతోషపెట్టను. నువ్వు మాకు అబద్ధం చెప్పినావు, నేను నీకు చెప్పను. అది పోయే దాకా ఉంటాది. పోతాదిలే.

తీర్పు చెప్పే పెత్తనం నీకు లేదంటివి. అది ఎప్పుడూ నాదే కదా, నేనే చెప్తా. ప్లేటు బాగుండె. కానీ దాంట్లో నేను పాడినంక ఎవరూ ఏమీ అనరు. అట్లే ఆగిపోతాది. క్యాసెట్టులో రాళ్ల చప్పుడుంది, దగ్గుంది, నువ్వుండావు. క్యాసెట్టే గెలిచె. నీ ఆరు ప్లేట్లు కూడా దాని ముందర నిలబడవు. వన్స్‌మోర్ అన్నావు కాబట్టి రూలు ప్రకారం నువ్వు కూడా ఓడినావు.

ఆదివారం రా. పెట్టె తీసుకొని రా, నీ సెట్టు తీసుకొని రా. వంటింట్లో నుంచి అరిచి చెప్పలేను. గరిటెతో గిన్నె మీద కొడతా. ఒక దెబ్బ అయితే నీది, రెండు దెబ్బలు అయితే ఈయనది.

జీవమ్మ

బావా, పది గంటల బస్సుకు నేను స్టాండులో ఉంటాను. పెట్టె బరువు, ఒక్కడివే మోయవద్దు. యేసుదాసు.

*

ఆళ్లగడ్డ,
13 డిసెంబరు 1979.

జీవమ్మా,

అరిచింది నిజమే. టేపు ఆపేసినారనుకున్నాను.

ఆదివారం వస్తాను. పెట్టె తెస్తాను. సూదుల డబ్బా బస్సు దిగగానే యేసుదాసు చేతికి ఇస్తాను. మీ ఇంట్లో ఉన్నంతసేపు అది ఆయన జేబులోనే ఉండాలి. నా ప్లేటు పెట్టాల్సినప్పుడు అడిగి తీసుకుంటాను.

ఆ క్యాసెట్టు మాత్రం నా ముందర పెట్టవద్దు. దాని ఎదురుగా కూర్చోవడానికి నాకు ముఖం చెల్లదు. పెట్టాలనుకుంటే ముందే ఒక మాట చెప్పండి, లేచి పోయి వాకిట్లో కూర్చుంటాను.

వాకిట్లోకి వినిపించేంత గట్టిగా పెట్టండి.

నరసింహులు